రేటు మనకు, మరి కూలి? ఫెయిర్ ట్రేడ్ పరిశోధకులతో నా పంచాయితీ

పై వీడియోలో మీరు ఒక సంగతి గమనించారో లేదో. నేను ఘనజీవామృతం గురించి చెబుతుంటే నా వెనక వేరుశనగ చేలో పన్నెండు మంది ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. పదకొండు నిమిషాల వీడియో అది. ఆవు గురించి చెప్పాను, వానపాము గురించి చెప్పాను, నేలలో సూక్ష్మజీవుల గురించి చెప్పాను. వాళ్ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కెమెరా పట్టుకున్న మా తమ్ముడు కూడా "అన్నా, వెనక కూలోళ్లు పడతాండారు, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు. జరిగాను కూడా. అయినా ఫ్రేములో పడ్డారు, పడటమే మంచిదైంది.

ఇది పాత వీడియో. మళ్లీ ఎందుకు పెట్టానంటే, పోయిన నెల మన ప్రకృతి రైతుల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన ఒక మెసేజ్ పెట్టాడు. "ఈ యూనివర్సిటీ వాళ్లను ఇకమీదట చేలోకి రానీయొద్దు. వస్తారు, మన మజ్జిగ తాగుతారు, నూరు ప్రశ్నలు అడుగుతారు, మన మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్లవుతారు. ఫెయిర్ ట్రేడ్, సుస్థిర అభివృద్ధి అని పేపర్లు రాసుకుంటారు. మనకేం ఒరిగింది?" అని. దాని కింద నలభైకి పైగా బొటనవేళ్లు లేచాయి. మూడేళ్ల కిందటైతే నా వేలు కూడా అందులో ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకో చెప్పాలని ఈ పోస్టు.

మూడేళ్ల కిందట ఒక తెలుగమ్మాయి మా ఊరికి వచ్చింది. విదేశంలో ఏదో యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ప్రకృతి సేద్యం చేసే రైతుకు మంచి రేటు వస్తే ఊర్లో ఎవరి బతుకు ఎంత మారుతుంది అనేది ఆమె విషయం. పందొమ్మిది రోజులు ఉంది. నేను మర్యాదగా మా సంఘంలో బాగా మాట్లాడే రైతులను ఆరుగురిని ఏరి కూర్చోబెట్టాను. గానుగ చూపించాను, గోదాము చూపించాను, మేం రైతుకు మార్కెట్ రేటు మీద క్వింటాకు 800 రూపాయలు ఎక్కువ ఇచ్చే రసీదులు చూపించాను. అన్నీ రాసుకుంది. మూడో రోజు పొద్దున అడిగింది, "అన్నా, మీ చేలో కలుపు తీసేవాళ్లతో మాట్లాడాలి, మీరు లేకుండా" అని.

"మీరు లేకుండా" అన్న మాట నాకు చురుక్కుమంది. నేనేమన్నా వాళ్లను కట్టేసి పని చేయిస్తున్నానా? సరే పొమ్మన్నాను. ఆ తర్వాత ఆమె నాతో గడిపింది తక్కువ, వాళ్లతో గడిపింది ఎక్కువ. సాయంత్రాలు కాలనీలో వాళ్ల గుమ్మాల ముందు కూర్చుని రాసుకునేది. వెళ్లిపోయింది. రెండేళ్లకు వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. నొక్కితే చదవడానికి డాలర్లు కట్టమంది! మా ఊరి సంగతి నేను డాలర్లు పెట్టి కొనుక్కోవాలన్నమాట. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. పాపం, అది జర్నల్ వాళ్ల పద్ధతని చెప్పి పీడీఎఫ్ పంపింది.

ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు చదివాను. ఊరి పేరు మార్చేసింది, నా పేరు ఎక్కడా లేదు. కానీ నన్ను నేను గుర్తు పట్టలేనా? సారం ఏంటంటే: రైతుకు రేటు పెరిగింది, అప్పు కొంచెం తగ్గింది, నేల మెరుగైంది. ఆడకూలీలకు దొరికే పని దినాలు పెరిగాయి. కూలి మాత్రం పక్కన మందులు కొట్టే రైతు ఇచ్చేంతే. ఒక్క రూపాయి తేడా లేదు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మళ్లీ ఫోన్ చేశాను. "నా మజ్జిగ తాగి నా మీదే రాస్తివే అమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "అన్నా, అందులో తప్పేమన్నా ఉందా? ఉంటే చెప్పండి, దిద్దుతాను" అంది. తప్పేం లేదు. అదే కదా నా బాధ. అప్పుడు ఆమె రెండు పేర్లు చెప్పింది, ఇవి చదవండి అని. ఆ రెండూ చదివాకే పరిశోధకుల మీద నా అభిప్రాయం మారింది.

ముందు ఫెయిర్ ట్రేడ్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి, మనలో చాలామందికి అది ప్యాకెట్ మీద ఒక ముద్రగానే తెలుసు కాబట్టి. మెక్సికోలో ఓహాకా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసీ రైతులు కాఫీ పండిస్తారు. వాళ్ల సహకార సంఘం పేరు యూసీరీ. దళారులకు తెగనమ్ముకోకుండా నేరుగా యూరప్‌కు అమ్ముకునే దారి కోసం, వాళ్ల మధ్యే ఉంటున్న డచ్చి ఫాదర్ ఫ్రాన్స్ వాన్‌డర్ హాఫ్, నెదర్లాండ్స్‌లో సాలిడారిదాద్ అనే సంస్థలో ఉన్న నికో రోజెన్ కలిసి 1988లో 'మాక్స్ హావెలార్' అనే ముద్ర మొదలుపెట్టారు. ఆ పేరు 1860లో వచ్చిన ఒక డచ్చి నవలది. జావాలో డచ్చివాళ్లు కాఫీ రైతులను ఎలా పీల్చారో చెప్పిన నవల అది. ఆ ముద్ర ఉన్న కాఫీకి ఒక కనీస ధర ఉంటుంది. మార్కెట్ పడిపోయినా దానికంటే తగ్గకూడదు. దాని మీద 'ప్రీమియం' అని ఇంకొంచెం డబ్బు సంఘానికి వస్తుంది. ఆ డబ్బుతో బడి కట్టాలా, గోదాము కట్టాలా అన్నది సంఘ సభ్యులే తీర్మానం చేసుకుంటారు. 2023 ఆగస్టులో కడిగిన అరబికా కాఫీకి కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు, ప్రీమియం 20 సెంట్లు అయింది. పౌను అంటే మన అర కేజీ కంటే కొంచెం తక్కువ.

మనకూ ఇది కొత్తేం కాదు. 2004 నుంచి ఆదిలాబాద్ వైపు చేత్నా ఆర్గానిక్ రైతులు పత్తిలో ఈ దారి పట్టారు. ఆ నియమాల్లో బీటీ విత్తనం నిషేధం. ఊరంతా బీటీ వేసిన కాలంలో బీటీ కాని పత్తి విత్తనం వెతుక్కోవడమే ఒక యుద్ధమని ఆ రైతులను అడిగితే చెబుతారు. ఆంధ్రలో ఆ పత్తి మీద ఒక జపాన్ పరిశోధకురాలు, రియే మకిత, 2012లో పేపరే రాసింది. మన పత్తి చేల గురించి టోక్యోలో ఉన్నవాళ్లకు తెలిసినంత మన మండలంలో తెలియదు. అది వేరే ఏడుపు.

ఇక ఆ అమ్మాయి చెప్పిన మొదటి పేరు డేనియల్ జాఫీ. అమెరికాలో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో సోషియాలజీ ప్రొఫెసర్. ఈయన పీహెచ్‌డీకి ఎంచుకున్నది అదే ఓహాకా కొండలు. ఊళ్లలో ఉండి, ఫెయిర్ ట్రేడ్ సంఘంలో ఉన్న కుటుంబాలను, పక్కింట్లోనే ఉండి దళారికి అమ్ముకునే కుటుంబాలను పక్కపక్కన పెట్టి లెక్క చూశాడు. 2007లో 'బ్రూయింగ్ జస్టిస్' అనే పుస్తకంగా వచ్చింది. ఆ సమయం చూడండి: 2001 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్‌లో కాఫీ ధర పౌనుకు 50 సెంట్ల కిందికి పడిపోయింది. ఎంతోమంది రైతులు తోటలు వదిలేసి వలస పోయారు. ఆ రోజుల్లో సంఘంలో ఉన్నవాళ్లకు ధర మెరుగ్గా వచ్చింది, అప్పులు తక్కువ, తిండి మెరుగు, పిల్లల చదువు మెరుగు. ఇంతవరకు చదివి నేను చంకలు గుద్దుకున్నాను.

ఆ తర్వాతే అసలు సంగతి. సేంద్రియ పద్ధతిలో పని ఎక్కువ. కలుపు చేత్తో తీయాలి, ఎరువు మోయాలి, కొండవాలుకు గట్లు వేయాలి. కూలీలను ఎక్కువ పెట్టాలి. వచ్చిన ఎక్కువ డబ్బులో చాలా భాగం ఆ కూలికే పోయింది. ఇంటివాళ్ల చాకిరీకి కూడా కూలి కట్టి చూస్తే మిగిలేది అంతంత మాత్రం. పైగా 1988లో పెట్టిన కనీస ధర ఇరవై ఏళ్ల పాటు దాదాపు అక్కడే ఉండిపోయింది. ఈలోగా ఉప్పు నుంచి చెప్పుల దాకా అన్నింటి ధరలూ పెరిగాయి. అంటే ఫెయిర్ ట్రేడ్ వాళ్లను మునగకుండా పట్టుకుంది గానీ ఒడ్డుకు చేర్చలేదు. ఈ మాట చెప్పినాయన ఫెయిర్ ట్రేడ్‌కు శత్రువు కాదు. దాన్ని ఇష్టపడేవాడే. ఇష్టపడుతూనే లెక్క దాచలేదు.

మా అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమాలో మాకు సాగు ఖర్చు పాఠం ఉండేది. అందులో 'మానవ శ్రమ' అని ఒక గడి. ఆ గడిలో అంకె ఎంత తగ్గితే అంత మంచి రైతు. ఇప్పుడు మద్దతు ధర కోసం మనం సీ2 మీద 50 శాతం కలపమని అడుగుతాం, స్వామినాథన్ కమిషన్ పేరు చెబుతాం. న్యాయమే. అందులో మన ఇంటివాళ్ల కష్టానికి కూలి ఉంది, మన భూమికి కౌలు ఉంది. బయటి కూలికి మాత్రం మనం ఇచ్చింది ఎంతైతే అంతే ఖర్చు. అది సరిపోతుందా అని అడిగే గడి ఆ పట్టికలో లేదు.

రెండోది లండన్ యూనివర్సిటీలోని సోయాస్ వాళ్ల పరిశోధన. క్రిస్టఫర్ క్రామర్, డెబోరా జాన్‌స్టన్, కార్లోస్ ఓయా, జాన్ సెండర్ అనే నలుగురు దీనికి పెద్దలు. బ్రిటన్ ప్రభుత్వ నిధులతో నాలుగేళ్లు నడిచింది, 2014లో నివేదిక వచ్చింది. ఇథియోపియాలో కాఫీ, పూలు. ఉగాండాలో కాఫీ, టీ. వీళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. సంఘం ఇచ్చిన లిస్టు పట్టుకుని పోలేదు. ఇంటింటికీ తిరిగి కూలికి పోయేవాళ్లెవరో తామే లిస్టు రాసుకున్నారు. నేను ఆరుగురు రైతులను ఏరి కూర్చోబెట్టాను చూడండి, అట్లాంటి ఏరుడు వాళ్ల దగ్గర సాగలేదన్నమాట.

వాళ్లకు తేలింది ఏమిటంటే, ఫెయిర్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్న సంఘాల ప్రాంతాల్లో కూలీలకు మిగతా చోట్ల కంటే కూలి తక్కువ, పని పరిస్థితులు కూడా మెరుగ్గా లేవు. పెద్ద గొడవైంది. ఫెయిర్ ట్రేడ్ వాళ్లు ఒప్పుకోలేదు. చిన్న రైతుల సంఘాన్ని పెద్ద ఎస్టేటుతో పోలిస్తే ఎట్లా, ఎస్టేటుకు డబ్బుంది, ఎక్కువ ఇవ్వగలదు అన్నారు. ఆ మాటలో బలం ఉంది, కాదనను. కానీ ఒక వాక్యం చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఉగాండాలో ఒక టీ సంఘం దగ్గర ప్రీమియం డబ్బుతో మంచి మరుగుదొడ్లు కట్టారట. వాటిని వాడేది పై ఉద్యోగులు మాత్రమేనట.

మా గోదాము పక్కన సంఘం నిధితో కట్టిన బాత్‌రూం ఉంది. టైల్స్ వేయించాం. తాళం చెవి ఆఫీసులో క్యాలెండర్ మేకుకు వేలాడుతుంది. గోదాములో కూర్చుని గింజలు ఏరే ఆడవాళ్లు తొమ్మిది మంది. వాళ్లు రైలు కట్ట అవతల కంపచెట్ల చాటుకు పోతారు. ఆరేళ్లుగా పోతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఎవరూ వాళ్లను ఆపలేదు, ఎవరూ తాళం చెవి ఇవ్వనూ లేదు. తాళం చెవి అడగాలని వాళ్లకు తోచదు, ఇవ్వాలని మాకు తోచలేదు. ఉగాండాలో ఆ సంఘం వాళ్లు కూడా దుర్మార్గులై ఉండరు. ప్రీమియం మీద తీర్మానం చేసేది సభ్యులు. సభ్యుడు కావాలంటే చేను ఉండాలి. చేను లేని మనిషి ఆ మీటింగులోనే లేదు, ఇక ఆమె అవసరం తీర్మానంలోకి ఎట్లా వస్తుంది?

మరుసటి రోజు నా లెక్కల పుస్తకం తీశాను. ఇది వాన సరిగ్గా పడిన ఏడాది లెక్క, గుర్తుంచుకోండి. ఎకరాకు ఆరు క్వింటాళ్ల కాయ. ఒలిస్తే 420 కేజీల గింజ. మా కట్టె గానుగలో వంద కేజీల గింజకు 40 లీటర్ల లెక్కన 168 లీటర్ల నూనె. ఎకరాకు ఆడకూలీలు: విత్తేటప్పుడు ముగ్గురు, రెండు కలుపులకు పదహారు మంది, కాయ పెరకడానికి ఎనిమిది, కాయ తెంపడానికి ఏడుగురు. మొత్తం ముప్ఫై నాలుగు. పక్క చేలో కలుపు మందు కొట్టే రైతుకు ఇరవై రెండుతో సరిపోతుంది. మనం కలుపు మందు మానేశాం అని గర్వంగా చెప్పుకుంటాం కదా, దాని బదులు నేల మీద వంగింది ఆ పన్నెండు మంది నడుములు.

కూలి 300. మగవాళ్లకు 600. జీవామృతం పిచికారీకి వచ్చే మగమనిషి రెండు గంటలకు టీ తాగి పోతాడు, అది వేరే సంగతి. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. మా ఊరికి ఇంకా బస్సు దిగలేదు.

ముప్ఫై నాలుగు మందికి 300 చొప్పున 10,200. లీటరు నూనెకు 61 రూపాయలు. కూలి 400 చేస్తే 13,600. లీటరుకు 81. అంటే తేడా లీటరుకు 20 రూపాయలు. నేను అమ్మేది 380కి. ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే ఇంకా సిగ్గు. క్వింటాకు 800 చొప్పున ఎకరాకు 4,800 మేం రైతుకు ఎక్కువ ఇస్తున్నాం. అందులోంచి కూలి వైపు ఒక్క రూపాయి కూడా పోలేదు. నా సీసా లేబుల్ మీద 'న్యాయమైన ధర' అని పచ్చరంగులో ఉంటుంది. మా కరపత్రం వెనక ఐక్యరాజ్యసమితి పదిహేడు లక్ష్యాల రంగుల చక్రం కూడా వేయించాను, అందంగా ఉందని. ఆ పదిహేడులో ఎనిమిదోది గౌరవమైన పని. సేంద్రియ సంఘాలన్నింటికీ పైన ఉండే ఇఫోమ్ 2005లో నాలుగు సూత్రాలు పెట్టింది: ఆరోగ్యం, పర్యావరణం, న్యాయం, జాగ్రత్త. మనం మొదటి రెంటి మీద వందల వీడియోలు చేశాం. మూడో దాని మీద నేను చేసిన వీడియో సున్నా.

"రైతుకే మిగలడం లేదు, కూలికి యాడనుంచి తెచ్చిచ్చేది?" అని అడుగుతారు. మా నాయన కూడా అదే అడిగాడు. సరైన ప్రశ్నే. మా సంఘంలో సగం మంది ఇళ్లలో ఆడవాళ్లు తమ చేను అయ్యాక పక్క చేలోకి కూలికి పోతారు. జాఫీ పుస్తకం, సోయాస్ నివేదిక కలిపి చదవాలని నేను అనేది ఇందుకే. ఒకటి, రైతుకు వచ్చే ధరే చాలడం లేదు అంటుంది. ఇంకొకటి, ఆ ధర కూలి దాకా దిగడం లేదు అంటుంది. రెండూ నిజమే. రైతు జేబులోంచి తీసి కూలికి ఇస్తే తెగదు. సీసా కొనే మనిషి ధరలోనే ఆ కూలి కనబడాలి. మనం అక్కడ దాన్ని రాయడం లేదు, అది అసలు లోపం.

పోయిన ఖరీఫ్ నుంచి మేం చేసింది చెబుతాను, గొప్పకు కాదు, ఇంకా సగంలోనే ఉంది. లీటరు 400 చేశాం. ఆ 20 రూపాయలు, కూలి 400 ఇచ్చే రైతుకే చేరుతుంది. ఇచ్చాడా లేదా అన్నదానికి ఒక చిన్న నోటుపుస్తకం. అది రైతు దగ్గర ఉండదు, కూలీల మేస్త్రి అక్క దగ్గర ఉంటుంది. ఇరవై రెండు మంది రైతుల్లో ఐదుగురు మాకొద్దని పోయారు. డబ్బు కోసం కాదు. "ఊర్లో కూలి రేటు చెడగొడతాండావు, రేపు టమాటా కోతకు మేం యాడ తెచ్చుకోవల్ల?" అన్నారు. రచ్చబండ దగ్గర మా చిన్నాయన వరసాయన నాతో మాటలు మానేశాడు. ఇంకా మాట్లాడటం లేదు. బెంగళూరులో ఒక షాపు మా నూనె తీసుకోవడం ఆపేసింది. నెలకు 560 లీటర్లు పోయేది మూడు నెలలు 430కి పడింది. ఇప్పుడు 480 దగ్గర ఉన్నాం. గానుగ లోను కంతు కట్టే తేదీ వస్తే కడుపులో తిప్పుతుంది. మగ, ఆడ తేడా ఇంకా పోలేదు. బాత్‌రూం తాళం తీసేశాం. అది మాత్రం ఒక్క రోజులో అయిన పని.

ఇప్పుడు వాట్సాప్ పెద్దాయనకు జవాబు. అన్నా, నీ మాటలో సగం నిజం. వాళ్లకు ఉద్యోగం వస్తుంది, ప్రమోషన్ వస్తుంది. మన ఊరి మాట డాలర్ల గోడ వెనక ఇంగ్లీషులో ఉండిపోతుంది. ఇది అన్యాయమే. న్యాయమైన వ్యాపారం మీద పరిశోధన చేసేవాళ్ల వ్యాపారం కూడా న్యాయంగా ఉండాలి కదా. కానీ మనల్ని పొగిడే సర్టిఫికెట్ వాళ్లు, ఫొటో తీసుకుని పోయే అధికారులు మనకు ఎప్పుడూ ఉన్నారు. వేల మైళ్లు తిరిగి వచ్చి, కంపచెట్ల చాటుకు ఎవరు పోతున్నారో చూసినవాళ్లు వీళ్లే. జీతం తీసుకుని చూడనీ, నష్టమేంటి? మనం జీతం లేకుండా కూడా చూడలేదు.

ఇందులో ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో బాబ్ డోహర్టీ అని యార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్. ఈయన మొదట 'డివైన్' అనే చాక్లెట్ కంపెనీలో అమ్మకాలు, మార్కెటింగ్ చూసేవాడు. ఘనా దేశపు కోకో రైతుల సంఘం, కువాపా కోకో, ఆ కంపెనీలో వాటాదారు. 1998లో పెట్టారు. రైతుకు మంచి రేటుతో పాటు కంపెనీలో వాటా కూడా ఉండాలన్న ఆలోచన. సరుకు అమ్మి, ఆ తర్వాత దాని మీద పరిశోధనకు పోయినవాడన్నమాట. 2020లో ఆ కంపెనీలో ఎక్కువ వాటా ఒక జర్మనీ చాక్లెట్ కంపెనీ చేతికి పోయింది. ఎందుకట్లా జరిగింది, రైతుల కంపెనీలు పెద్ద మార్కెట్‌లో ఎక్కడ చతికిలబడతాయి అన్నది మన ఎఫ్‌పీఓల వాళ్లకు తెలియాల్సిన పాఠం. దాన్ని మనకు తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. మన వ్యవసాయ కాలేజీల్లో చదివే పిల్లల్లో ఒక్కరైనా విత్తనం, ఎరువు కాకుండా ఈ లెక్కల మీద థీసిస్ చేస్తే బాగుండు. దిగుబడి మీద ఇప్పటికే చాలా థీసిస్‌లు బీరువాల్లో ఉన్నాయి.

రానీయొద్దు అనడం కంటే షరతు పెట్టి రానిద్దాం. మా సంఘం పెట్టుకున్న షరతులివి: కూలి మనిషిని కూర్చోబెట్టి అర రోజు ప్రశ్నలు అడిగితే అర రోజు కూలి ఇవ్వాలి. డబ్బిస్తే జవాబులు మారిపోతాయని కొందరు ప్రొఫెసర్లు అంటారట. రైతులమైన మేం టీ తాగుతూ మాట్లాడితే మాకేం పోదు, ఆమెకు మాత్రం ఆ పూట గడవదు. ఎవరితో మాట్లాడాలో మేం చెప్పం, లిస్టు మీరే రాసుకోండి. రాసింది అచ్చుకు పోకముందు ఊరికి వచ్చి, గుడి అరుగు మీద తెలుగులో చదివి వినిపించాలి. మాకు నచ్చకపోయినా మార్చమని అడగం. తప్పు ఉంటే మాత్రం చెబుతాం. పేపరు మాకు ఊరికే ఇవ్వాలి.

ఆ అమ్మాయికి ఈ షరతులు పంపాను. ఒప్పుకుంది. చదువు అయిపోయింది, అక్కడే యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తోంది, సంక్రాంతి అయ్యాక వస్తానంది. అరుగు మీద చదివే రోజు వీడియో తీసి ఇక్కడే పెడతాను. ఈసారి కెమెరా కాలనీ వాళ్ల వైపు తిప్పమని తమ్ముడికి ఇప్పుడే చెప్పాను.

మొన్న రెండో కలుపు అయిన రోజు డబ్బులిస్తూ, ఈ 400 ఎక్కడి నుంచి వస్తోందో మేస్త్రి అక్కకు చెప్పాను. లీటరు మీద 20 పెంచాం, అదే మీకు వస్తోంది అని. ఆమె నోటుపుస్తకంలో వేలిముద్ర వేస్తూ తలెత్తి, "అయితే లీటరు ఎంతకమ్ముతాండావప్పా?" అంది. పదకొండేళ్లుగా నా చేలో పని చేస్తోంది, ఆ మాట ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు నూర్లు అన్నాను. ఆమె వెనక్కి తిరిగి మిగతా వాళ్లతో, "మన దినం కూలీ, ఆయప్ప లీటరు నూనె ఒకటేనంట మే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వచ్చే ఏడాది ఈమె నూనె రేటు కనుక్కునే కూలి అడుగుతుందని అప్పుడే అర్థమైంది.